పూణెలో కూర్చుని వైజాగ్‌లో అద్దె ఇల్లు వెతుక్కున్నాం, మాకు ఇల్లు చూపించిన బాబాయిగారి సర్వీసు మీద నా రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్తా, ఐదుకి నాలుగు. బయట రాష్ట్రం నుంచి ఫ్యామిలీతో వైజాగ్ మారేవాళ్ళకి పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

మేం పదకొండేళ్ళు పూణెలో ఉన్నాం, పింప్రి వైపు. మా ఆయనకి పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం వచ్చింది, ఏప్రిల్ చివర్లో ఆఫర్ చేతికొస్తే జూన్ మొదటి వారంలో జాయిన్ అవ్వమన్నారు. బాబు ఆరో క్లాసుకి వెళ్ళాలి, స్కూళ్ళు జూన్ రెండో వారంలో తెరుస్తారు. అత్తయ్యగారికి మోకాళ్ళు నొప్పులు, మెట్లు ఎక్కలేరు, పైగా ఆషాఢం వచ్చేలోపే పాలు పొంగించాలని ఆవిడ పట్టు. మాది తెనాలి వైపు, వైజాగ్‌లో దగ్గరవాళ్ళంటూ ఎవరూ లేరు, చిన్నప్పుడు ఎక్స్‌కర్షన్‌కి వెళ్ళి కైలాసగిరి, సబ్‌మెరైన్ చూసొచ్చిందే ఆ ఊరితో నా పరిచయం. అయినా మన భాషే, మన రాష్ట్రమే, ఇల్లు దొరక్కపోతుందా అనుకున్నాం.

మొదట అందరిలాగే ఫోన్‌లో యాప్‌లు పెట్టుకున్నా. ఒకదాంట్లో ఓనర్ల నంబర్లు కావాలంటే డబ్బు కట్టాలి, కట్టా. ఇరవై చిల్లర నంబర్లు వచ్చాయి, ఫోన్ చేస్తే సగం మంది "అది ఎప్పుడో ఇచ్చేశామండీ" అన్నారు, మిగిలిన సగంలో ఓనర్లని రాసి ఉన్నవాళ్ళు తీరా మాట్లాడితే బ్రోకర్లు, ఒకరిద్దరు మాత్రం నిజంగా ఇంటివాళ్ళు. వాళ్ళతో మాట్లాడితే మొదటి ప్రశ్న ఎంతమంది ఉంటారు, రెండోది వెజ్జా నాన్‌వెజ్జా, మూడోది "మీరు ఏవిట్లండీ" అని. అద్దెకి ఇల్లడిగితే కులం ఎందుకు చెప్పాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పూణెలోనూ ఇలాంటివి ఉన్నాయి, లేవనను, కానీ మన భాషలో, అంత మర్యాదగా, గారూ గీరూ అంటూ ఆ మాట అడుగుతుంటే ఇంకా ఎక్కువ బాధేసింది. రెండిళ్ళు ఆ ప్రశ్న దగ్గరే నేను వదిలేశాను, మంచి ఇళ్ళే అయినా సరే.

ఇక అసలు దెబ్బ. లాసన్స్ బే కాలనీలో త్రీ బెడ్‌రూమ్, బాల్కనీలోంచి సముద్రం, లిఫ్ట్, కార్ పార్కింగ్, అద్దె 17 వేలు అని ఒక ఫొటో కనబడింది. ఇప్పుడైతే ఆ రేటు చూడగానే నాకు తెలిసిపోతుంది, అప్పుడు తెలియదు, పూణె రేట్ల పక్కన పెట్టుకుని వైజాగ్ చవక కాబోలు అనుకున్నా. ఫోన్ చేస్తే ఒకాయన హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు, నేవీలో పనిచేస్తానని, పోర్ట్ బ్లెయిర్‌కి ట్రాన్స్‌ఫర్ అయిందని, మంచి ఫ్యామిలీ వస్తే చాలు డబ్బు ముఖ్యం కాదని. ఐడీ కార్డు ఫొటో పంపాడు, ఇంటి ఫొటోలు ఇంకో పది పంపాడు. ఇల్లు చూడాలంటే గేట్ పాస్ తీయాలి, 5 వేలు కట్టండి, అడ్వాన్సులో తగ్గించేస్తా అన్నాడు. కట్టేశా. సాయంత్రానికి ఇంకో 10 వేలు అడిగాడు, ఆ తర్వాత "మీ డబ్బు వెనక్కి పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని మొదలుపెట్టాడు. మనకి డబ్బు రావడానికి స్కాన్ చెయ్యక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. అక్కడ మా ఆయనకి అనుమానం వచ్చి ఫోన్ లాక్కున్నారు.

ఆ రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాం. ఆ 5 వేలు ఇంకా రాలేదు. ఒక్క మాట, నేవీ పేరు, ఆర్మీ పేరు వాడుకునే ఇలాంటి దొంగలు దేశమంతా ఉన్నారు, వైజాగ్‌లో నేవీ వాళ్ళు నిజంగానే ఎక్కువ కాబట్టి అక్కడ ఆ కథ ఇంకా తేలిగ్గా నమ్ముతాం, అంతే. నిజం నేవీ కుటుంబాలకి దీనితో ఏ సంబంధమూ లేదు, ఇప్పుడు మా పక్క ఫ్లాట్ వాళ్ళు నేవీ వాళ్ళే, బంగారం లాంటి మనుషులు.

ఆ మర్నాడు మా ఆయన కొత్త ఆఫీసులో కలీగ్ భార్య ఈ బాబాయిగారి నంబర్ ఇచ్చింది. పేరు, నంబరు ఇక్కడ పెట్టట్లేదు, ఆయనే వద్దన్నారు, ఉన్న పనికే టైం చాలట్లేదట, తెలిసినవాళ్ళ ద్వారా వస్తేనే తీసుకుంటారట. ఆయనా, వాళ్ళబ్బాయీ కలిసి చేస్తారు. మనకేం కావాలో ఫోన్‌లో అడిగి రాసుకుంటారు, టూ-లెట్ బోర్డులు చూసుకుంటూ బండి మీద వీధివీధీ తిరుగుతారు, మనకి సరిపోయేదనిపిస్తే లోపలికెళ్ళి అక్కణ్ణుంచే వీడియో కాల్ చేస్తారు. ముందు వెయ్యి రూపాయలు, ఇల్లు కుదిరితే సగం నెల అద్దె, ఆ వెయ్యి అందులో తీసేస్తారు. కుదరకపోతే వెయ్యితో సరి. కొంతమంది బ్రోకర్లు పూర్తి నెల అద్దె అడిగారు నన్ను, ఇల్లు చూపించకుండానే సగం ముందే వెయ్యమన్నవాళ్ళూ ఉన్నారు.

నేను మొట్టమొదట అడిగింది ఆ లాసన్స్ బే అడ్రస్‌కి వెళ్ళి చూడమని. అరగంటలో బిల్డింగ్ కింద నిలబడి కాల్ చేశారు. బిల్డింగ్ ఉంది, ఆ నంబరు ఫ్లాటూ ఉంది, అందులో ఓనర్లే పదేళ్ళ నుంచి కాపురం ఉంటున్నారు, వాచ్‌మన్ ఆ ఫొటోలు చూసి ఇది మా బిల్డింగే కాదన్నాడు. "ఫొటోలు సూసి డబ్బులెట్టేత్తారేటమ్మా, నన్ను ముందే ఒక్క మాట అడిగుంటే బాగుణ్ణు" అన్నారు బాబాయిగారు, తిట్టినట్టు కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు నొచ్చుకుంటూ అంటారే అలాగ. దానికి ఆయన ఏమీ తీసుకోలేదు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

ఇక ఏరియా సంగతి. ఉద్యోగం పరవాడ, అంటే ఊరికి ఆ చివర, గాజువాక, కూర్మన్నపాలెం దాటి వెళ్ళాలి. లెక్క ప్రకారం గాజువాక వైపు ఉంటే మా ఆయనకి సుఖం, అద్దె కూడా తక్కువ. కానీ అత్తయ్యగారికి నెలకోసారి హాస్పిటల్ ఉంటుంది, ఆరిలోవ దగ్గర హెల్త్ సిటీ అని హాస్పిటళ్ళన్నీ ఒక్కచోట ఉన్నాయి, అది పరవాడకి ఎదురు వైపు. మధురవాడ, పీఎం పాలెం కొత్తగా పెరిగిన ఏరియాలు, ఇళ్ళు పెద్దవి, అద్దెలు నయం, ఋషికొండ ఐటీ వైపు చేసేవాళ్ళకి బాగుంటుంది, మాకైతే పరవాడ ఇంకా దూరం అయిపోతుంది. కంపెనీ బస్సు మద్దిలపాలెం జంక్షన్‌కి వస్తుందని తెలిశాక ఎంవీపీ కాలనీ అనుకున్నాం. అసలు పేరు మువ్వలవానిపాలెం, సెక్టార్లు సెక్టార్లుగా ఉంటుంది, రైతుబజార్ నడిచెళ్ళే దూరం, సముద్రం కూడా దూరమేం కాదు. మా ఆయనకి బస్సులో గంటన్నర పడుతోంది, అది నిజం, ఆయనే ఒప్పుకున్నారు కాబట్టి సరిపోయింది, ఒప్పుకోని ఇంట్లో ఇది రోజూ గొడవే అవుతుంది.

నాకైతే సముద్రం కనబడే ఇల్లే కావాలని ఉండేది, అంత దూరం నుంచి వస్తూ సముద్రం లేకపోతే ఎలా అని. బాబాయిగారు కాదనలేదు, పెదవాల్తేరులో బీచ్ రోడ్డు వైపున్న ఒక ఇల్లు చూపించారు. చూపించడం అంటే హాలు, బెడ్‌రూమ్, కిచెన్ అని కెమెరా తిప్పడం కాదు, ఆయన చూపించినవి నేను జన్మలో అడిగుండేదాన్ని కాదు. బాల్కనీ గ్రిల్ అడుగున బొటనవేలితో నొక్కారు, పైన కొత్త పెయింట్, లోపల తుప్పు పొరలు పొరలుగా ఊడి చేతిలోకొచ్చింది. తలుపు బందులు చూపించారు, కిటికీ బోల్టు చూపించారు, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ వెనక్కి ఫోన్ పెట్టి ఉప్పుగాలి ఆ కాయిల్‌ని ఎలా తినేసిందో చూపించారు. ఉప్పుగాలికి అది ఇలాగే పోతుందట, గ్యాస్ మాటిమాటికీ లీకవుతుంది, సముద్రానికి ఎదురుగా ఉన్నవాళ్ళు టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు కూడా ఊరి లోపలివాళ్ళకంటే ముందే మార్చుకుంటారట. ఆరేసిన బట్టలు కూడా జిగటజిగటగా ఉంటాయని పక్కింటావిడ కాల్‌లోకి వచ్చి మరీ చెప్పింది, ఆవిడెవరో నాకు తెలీదు, దేవతలా చెప్పింది.

తర్వాత నీళ్ళు. ఇది ఇంకా ముఖ్యం. జీవీఎంసీ (వైజాగ్ కార్పొరేషన్) కొళాయి నీళ్ళు వచ్చేది కాసేపే, మిగతా వాడకమంతా చాలా అపార్ట్‌మెంట్లలో బోరు మీదే. సముద్రం దగ్గర కొన్ని వీధుల్లో బోరు ఉప్పు తగులుతుంది. ఓనర్‌ని అడిగితే "మా నీళ్ళు కొబ్బరినీళ్ళండీ" అంటారు, ఎవరైనా అంతే కదా. బాబాయిగారు జేబులోంచి చిన్న సబ్బు ముక్క తీసి బాత్రూమ్ కొళాయి కింద చేతులు రుద్దుకున్నారు, నురగే రాలేదు, ఫోన్ దగ్గరగా పెట్టి కొళాయి మూతికి పట్టిన తెల్లటి పెచ్చు చూపించారు. ఆ తర్వాత చూసిన ప్రతి ఇంట్లోనూ అదే పని చేశారు, ఒక ఇంట్లో బ్రహ్మాండంగా నురగ వస్తే నేనూ మా అబ్బాయీ ఇక్కడ పూణెలో చప్పట్లు కొట్టాం.

మూడోది గాలి. ప్రతి బిల్డింగ్‌లో వాచ్‌మన్‌నో, వీధి చివర ఇస్త్రీ బండాయన్నో ఒకటే అడుగుతారాయన, "హుద్‌హుద్‌కి ఇక్కడేటైందయ్యా?" అని. 2014 అక్టోబర్ 12న వచ్చింది ఆ తుపాను, ఊరి మీదుగానే దాటింది, కరెంటు లేక, నీళ్ళు లేక జనం రోజుల తరబడి పడ్డ బాధ ఇప్పటికీ అక్కడివాళ్ళు నిన్న జరిగినట్టే చెప్తారు. అద్దాలన్నీ పోయాయా, పైన ట్యాంకులు ఎగిరిపోయాయా, సెల్లార్‌లోకి నీళ్ళొచ్చాయా, పక్కన గెడ్డ (వాగు) ఏమైనా పొంగిందా, ఎన్నాళ్ళకి కరెంటొచ్చింది, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నకి బయటికొస్తాయి. బిల్డింగ్ ఆ తర్వాత కట్టిందైతే అదీ తెలుస్తుంది. ఊరు తెలిసిన మనిషికే తట్టే ప్రశ్న ఇది, ఏ యాప్‌లోనూ దీనికి గడి లేదు.

అలా పది రోజుల్లో ఆరిళ్ళు చూశాం. నాలుగోది నాకు బాగా నచ్చింది, కొత్త బిల్డింగ్, నీళ్ళు బాగున్నాయి, లిఫ్ట్ పెద్దది. ఓనరు అమెరికాలో ఉంటారు, వైజాగ్‌లో ఇలాంటి ఫ్లాట్లు చాలా ఉన్నాయి, పిల్లలు అక్కడ సెటిలై ఇక్కడ కొని అద్దెకిస్తారు. వాళ్ళ తమ్ముడు తాళాలు చూసుకుంటాడు, అద్దె నా అకౌంట్‌లో వేసేయండి అన్నాడు. మా ఆయన పాత ఆఫీసులో అకౌంట్స్ చూసే ఫ్రెండ్‌ని అడిగితే మంచిపని చేశారు అడిగి అన్నాడు. ఇంటి ఓనర్ ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దె ఎంత చిన్నదైనా సరే అద్దెకుండేవాళ్ళే అద్దెలోంచి పన్ను (టీడీఎస్) కట్ చేసి గవర్నమెంటుకి కట్టాలట, మామూలుగా 30 శాతం, దాని మీద సెస్సు కలిపి 31.2 శాతం. దానికి ట్యాన్ అని పన్ను కట్ చేసేవాళ్ళకిచ్చే నంబర్ తీసుకోవాలి, రిటర్నులు వెయ్యాలి, కట్ చెయ్యకపోతే ఆ బాధ్యత మనమీదే పడుతుంది, ఓనర్ మీద కాదు. తమ్ముడి అకౌంట్‌లో వేశాం అంటే సరిపోదు. ఈ సంగతి ఆ తమ్ముడికి చెప్తే "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదండీ" అన్నాడు. పాపం ఆయన తప్పని నేననను, నిజంగానే ఎవరూ అడిగి ఉండరు. కానీ జీతంలో ఇంటద్దె అలవెన్సు (హెచ్‌ఆర్‌ఏ) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్ చెయ్యాలంటే ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ ఇవ్వాలి, ఇచ్చినప్పుడు అంతా బయటపడుతుంది. వదిలేశాం. రెండు రోజులు దిగులుగా ఉన్నా. బాబాయిగారికి ఈ రూల్ తెలీదు, నేను చెప్తే నోట్‌బుక్‌లో రాసుకున్నారు, ఇప్పుడు ఆయనే ముందు ఓనరు ఎక్కడుంటారో అడుగుతున్నారట.

ఆరోది మేం ఇప్పుడున్న ఇల్లు. బీచ్ రోడ్డు నుంచి బాగా లోపలికి, మూడో అంతస్తు, త్రీ బెడ్‌రూమ్, అద్దె 26 వేలు, మెయింటెనెన్స్ 2,500, అడ్వాన్సు రెండు నెలలు. ఓనర్లు రిటైరైన టీచర్లు, రెండు వీధుల అవతలే ఉంటారు, మీరు ఏవిట్లని అడగలేదు, బాబు ఏం చదువుతున్నాడని అడిగారు. సముద్రం కనబడదు. గాలి మాత్రం మధ్యాహ్నం తర్వాత హాల్లోకి హాయిగా వస్తుంది.

వీడియోలో చూసింది చూసినట్టు నమ్మేయకుండా మా ఆయన ఒకసారి వెళ్ళొచ్చారు, కోణార్క్ ఎక్స్‌ప్రెస్ పూణెలో సాయంత్రం ఎక్కితే దాదాపు ఒక రోజు ప్రయాణం. ఆయన వెళ్ళేదాకా 2 వేలు టోకెన్ మాత్రమే ఇచ్చాం, అది కూడా ఓనరు వీడియో కాల్‌లో కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు చూపించాక, రెండిట్లోనూ ఆయన పేరే ఉందని చూసుకున్నాక. ఈ రెండు కాగితాలు అడగండి, నిజం ఓనరు ఎవరూ కోపం తెచ్చుకోరు. కరెంటు బిల్లు మీద సర్వీస్ నంబర్ ఉంటుంది, దాంతో పాత బాకీ ఉందేమో కూడా చూసుకోవచ్చు.

అగ్రిమెంట్ దగ్గర మాకు కొంచెం తికమక అయింది. మహారాష్ట్రలో అద్దె అగ్రిమెంట్ ఎన్ని నెలలకైనా రిజిస్టర్ చెయ్యాల్సిందే, ఇంటికే మనిషొచ్చి వేలిముద్రలు తీసుకుని వెళ్తాడు, పదకొండేళ్ళు అదే అలవాటు. ఇక్కడ స్టాంప్ పేపర్ మీద పదకొండు నెలలకి రాసి నోటరీ చేయించడం మామూలు, ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనుకుని పదకొండు దగ్గర ఆపుతారు, చట్టం ప్రకారమైతే ఆంధ్రాలోనూ ఎన్ని నెలలకైనా రిజిస్టర్ చెయ్యాల్సిందే. మేం ఆ పేపర్‌లోనే ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత తీసుకుంటారు, ఉప్పుగాలికి పాడైన గ్రిల్, తలుపు బందులు, గీజర్ ఎవరు బాగు చేయించాలి అని రాయించాం. పెద్దాయన "రాసుకుందాం అమ్మా, మాటకంటే రాతే మంచిది" అన్నారు. పూణె నుంచి బయల్దేరేముందు గ్యాస్ సిలిండర్లు, రెగ్యులేటర్ సరెండర్ చేసి వోచర్ తీసుకోండి, ఇక్కడ కొత్త కనెక్షన్‌కి అది అడుగుతారు. కారుకి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని పన్నెండు నెలల్లోపు ఇక్కడ నంబరుకి మారాలి, మా పని ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు ఐదులో నేను తగ్గించిన ఆ ఒక్క మార్కు సంగతి. మా వెనక వీధిలో ఒక ఫంక్షన్ హాల్ ఉంది. బాబాయిగారు వచ్చినవన్నీ పగటి పూట, మూఢం రోజుల్లో అనుకుంటా, అంతా ప్రశాంతం. ముహూర్తాలు మొదలయ్యాక రాత్రి పదకొండింటిదాకా డీజే, అత్తయ్యగారు నిద్ర లేక చాలా ఇబ్బంది పడ్డారు. ఆయన వీధి చుట్టూ ఒక్క రౌండ్ తిరిగి ఉంటే ఇది కనబడేది, ఈ మాట ఆయనకీ చెప్పాను, "తప్పేనమ్మా, నానే సూడాల్సింది" అన్నారు. ఇంకోటి, కార్ పార్కింగ్ ఉందని చూపించారు, ఉంది, కానీ పక్కనే పిల్లర్, ఎడమ వైపు తలుపు తెరుచుకోదు, అత్తయ్యగారిని రోడ్డు మీదే ఎక్కించుకోవాలి. ఆయన కారు నడపరు, అందుకే తట్టి ఉండదు. మీరైతే బండి నంబరుతో సహా ఏ కారో చెప్పి టేప్ పెట్టి కొలవమనండి, కొలుస్తారు. రాత్రి ఎనిమిది దాటితే ఫోన్ ఎత్తరు, అది నాకు తప్పనిపించలేదు.

గాజువాక, ఎన్‌ఏడీ, గోపాలపట్నం వైపు ఆయన చూడరు, తెలీని ఊరు నేను చూపించలేనంటారు. ఎంవీపీ, వాల్తేరు, సీతమ్మధార, యెండాడ దాకా ఆయన పరిధి. గాజువాక, గోపాలపట్నం వైపు కావాల్సినవాళ్ళు ఆ ఏరియాలో ఏళ్ళుగా ఉంటున్న మనిషిని పట్టుకుని ఈ సబ్బు ముక్క, గ్రిల్ అడుగు, హుద్‌హుద్ ప్రశ్న మూడూ చేయించండి, ఫంక్షన్ హాల్ సంగతి నాలుగోదిగా నేను కలుపుతున్నా.

ఫీజు 13 వేలు, వెయ్యి పోను 12 వేలు ఇచ్చాం, పాలు పొంగించిన రోజు ఆయన్నీ వాళ్ళబ్బాయినీ భోజనానికి పిలిచాం, వచ్చారు. హాలు కిటికీకి రబ్బరు బీడింగ్ పాతబడి వానజల్లు లోపలికొస్తోంది, అక్టోబర్ తుపాన్ల లోపు మార్పిస్తానని ఓనరుగారు మాటిచ్చారు, మనిషి వచ్చి కొలతలు తీసుకెళ్ళాడు. మార్చాక ఒక పెద్ద వాన చూసి ఇక్కడే రెండు లైన్లు కలుపుతా.